ఇటుకలు లేని పొయ్యి

చుట్టాలందరూ వెళ్ళేసరికి నాలుగు దాటింది. పెరట్లో మిగిలింది ఎంగిలి పళ్ళేలు, ఈగలు, తమ్ముడు.

తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఈ బార్బెక్యూ ఆలోచన వాడిదే. పొయ్యీ వాడిదే. ఎండాకాలం ఆదివారం, అందరం కలిసి చాన్నాళ్ళయింది, నువ్వు వేలు కూడా కదపక్కర్లేదక్కా అన్నాడు. అన్నట్టే ఆమె వేలు కదపలేదు. రెండు చేతులూ కదిపింది. కోడిముక్కలు కడిగి కారం పట్టించడం దగ్గర్నుంచి పక్కింటి కుర్చీలు అడిగి మోసుకురావడం దాకా. వాడు పటకారు పుచ్చుకుని జాలీ మీద ముక్కలు తిప్పాడు. వచ్చిన ఇరవై మందీ వాణ్ణే మెచ్చుకుని వెళ్ళారు.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. వారంలో ఆరు రోజులు దుప్పట్ల మీద మచ్చలు వదిలిస్తుంది. నెత్తురుకి చన్నీళ్ళు, నూనెకి వేణ్ణీళ్ళు. ఏడో రోజు ఇలా గడిచింది. నడుం ఉందో లేదో కూడా తెలియడం లేదు.

పొయ్యి చల్లారింది కదా అని భర్త దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. పెట్టి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమే, ఒకసారిటు రా."

లేత పసుపు రాతిపలకల మీద పళ్ళెమంత నల్లటి మచ్చ. కొవ్వు కారింది, దాని మీద నిప్పులు రాలాయి, రాయి కాలింది. నడుమ పెచ్చు కూడా లేచింది.

ఈ ఇల్లు అద్దెకిచ్చి పైవాటాలో ఉండే ఇంటావిడ ఈ పొయ్యికి ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద. "కింద ఇటుకలు పరవండి. ఉత్త నేల మీద నిప్పు పెట్టొద్దు." మూడుసార్లు చెప్పింది. పొద్దున చెల్లెలింటికి వెళ్తూ మెట్ల మీద ఆగి నాలుగోసారి చెప్పింది. సాయంత్రం వచ్చాక అద్దె కాగితం మీద ఇంకో రెండేళ్ళకి సంతకం పెడతానంది. నాలుగేళ్ళలో ఇది మూడో ఇల్లు. కూతురికి ఈ బడిలో ఇప్పుడిప్పుడే నేస్తాలు కుదిరారు. మళ్ళీ సామాను కట్టడమంటే ఆమెకి తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇటుకలేవిరా?" అంది తమ్ముణ్ణి.

వాడు ఒక కన్ను తెరిచాడు. "పొయ్యికి కాళ్ళున్నాయి కదక్కా."

"నీకూ ఉన్నాయి. వీధి చివర ఇటుకల కుప్ప ఉంది. నడిచెళ్ళి తేలేకపోయావా?"

"బావ తెస్తానన్నాడు."

"నేనెప్పుడన్నాను? బొగ్గులు తెస్తానన్నాను, తెచ్చాను," అన్నాడు భర్త. "ఇటుకలు తమరి వాటా, వంటవీరా."

ఆమె ఇద్దరినీ వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుంది. సబ్బు పెట్టి తోమింది. సోడా వేసి తోమింది. వేణ్ణీళ్ళు పోసి బూడిదతో తోమింది. మచ్చ అంటే పైన పట్టేది. ఇది పట్టింది కాదు, రాయే మాడిపోయింది. ఆ సంగతి ఆమెకి పది నిమిషాల్లోనే తెలిసింది. చేతులు మాత్రం వినక ఇంకో అరగంట తోమాయి.

"అక్కా, ఆ కుండీ తెచ్చి దీని మీద పెట్టేస్తే?" అన్నాడు తమ్ముడు.

గోడ మూలన ఇంటావిడ సిమెంటు కుండీ ఉంది. అక్కడికి ఏ వేళా ఎండ రాదు. అందులో మొక్కకి లెక్కపెడితే నాలుగాకులు. ఎండలోకి జరుపుదామా అండీ అని ఒకసారి అడిగితే, ఇంటావిడ కసురుకున్నంత పని చేసింది. పెద్దావిడ, పంతం అనుకుని ఆమె ఊరుకుంది.

ముగ్గురూ కలిసి తోశారు. కుండీ మూలుగుతూ జరిగింది. దాని కింద ఇంకో మచ్చ. అదే నలుపు, అదే పళ్ళెమంత.

తమ్ముడు ఈ మచ్చనీ ఆ మచ్చనీ మార్చి మార్చి చూశాడు. "ఇది మాత్రం నేను కాదక్కా."

"ఎవరిదైతే ఏంటి? రెండూ మన నెత్తినే పడతాయి," అన్నాడు భర్త.

ఆమె ఆ పాత మచ్చని చూస్తూ నిలబడింది. కుండీ అక్కడ ఎందుకుందో అర్థమైంది.

"వెనక్కి తోయండి," అంది. "ఎక్కడిదక్కడ పెట్టేద్దాం. మన మచ్చ సంగతి మనమే చెప్పుకుందాం."

తోశారు. కుండీ జానెడు జరిగి రాతిపలక అంచుకి తట్టుకుంది. భర్త నడుం పట్టుకుని కిందికి కూలబడ్డాడు. అప్పుడే గేటు చప్పుడైంది.

ఇంటావిడ సంచితో లోపలికొచ్చింది. ముందు కొత్త మచ్చ చూసింది. తర్వాత కుండీ. తర్వాత పాత మచ్చ. తమ్ముడికి నిద్ర నటించే వ్యవధి కూడా లేకపోయింది.

"ఇటుకలు వెయ్యలేదండీ. తప్పు మాదే," అంది ఆమె. అంతకు మించి మాట కూడదీసుకునే ఓపిక లేదు. "ఎంత తోమినా పోలేదు."

ఇంటావిడ ఒక కుర్చీ మీది పళ్ళేలు పక్కకి తీసి కూర్చుంది.

"సబ్బు పెట్టావా?"

"పెట్టానండీ."

"సోడా?"

"అదీ అయింది."

"నిమ్మకాయ రుద్దావా?"

"లేదండీ."

"నేను రుద్దాను. పోదు."

ఇంటావిడ పాత మచ్చ వైపే చూస్తోంది.

"ఈ రాళ్ళు మా ఆయన ఏరి ఏరి తెచ్చి స్వయంగా పరుచుకున్నారు. ఆయన ఊళ్ళో లేనప్పుడు నేనిక్కడ కుంపటి ముట్టించాను. తిరిగొచ్చేలోగా కుండీ తెప్పించి పెట్టేశాను. 'ఎండలో పెట్టవే, మొక్క చచ్చిపోతుంది' అని ఏటా గొడవే. నేను జరపనిస్తేగా! ఆయన పోయేదాకా చెప్పలేదు. చెప్పాల్సింది."

తర్వాత చెయ్యి ఊపింది. "ఎండలోకి తోయండి దాన్ని."

"మరి మచ్చలండీ?"

"ఉండనీ. చూసి కోప్పడే మనిషి లేడుగా. కాగితం పట్రా, కళ్ళజోడు సంచిలోనే ఉంది."

జిడ్డు బల్ల మీదే సంతకం అయింది. కాగితం అంచున ఆమె బొటనవేలి మసి అంటుకుంది. ఇంటావిడ దాన్ని చూసింది. "తినడానికేమన్నా మిగిల్చారా?" అని మాత్రం అడిగింది. చల్లారిన మొక్కజొన్న కంకి ఒకటి మిగిలింది.

ఆమె జాలీ తోమడానికి లేవబోయింది. నడుం ఒప్పుకోలేదు. మళ్ళీ కూర్చుంది.

"ఒరేయ్, జాలీ," అంది.

తమ్ముడు ఆవలించాడు. "దానికీ నిమ్మకాయేనా అక్కా?"

"దానికి రెక్కల కష్టం కావాలి నాయనా, లే," అంది ఇంటావిడ, కంకి ఒలుచుకుంటూ.