ఫోన్ నుంచి వెళ్ళింది ఒక్కటే

"పప్పులో ఉప్పు రెండుసార్లు వేశావా సాహితీ?" అని పొద్దున మా అత్తగారు అడిగితే "వేశానేమోనండీ" అన్నాను. వేయలేదని నాకు తెలుసు. కానీ వేశానేమో అనేస్తే గొడవ అక్కడితో అయిపోతుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో గ్యాస్ అయిపోయినా, పాలు విరిగినా నేనే ముందు ఒప్పేసుకుంటాను. ఆ పాడు అలవాటు ఉద్యోగంలోకీ వెంటబెట్టుకుపోయాను.

ఎయిర్‌పోర్టు కార్గోకు బండ్లు బుక్ చేసే యాప్ రాసింది నేనే. పదకొండు రోజులుగా ఒక్క సరుకుకు రెండు బండ్లు వచ్చి నిలబడుతున్నాయి. మా లీడ్ వరప్రసాద్ గారు రోజూ మీటింగులో అందరి ముందూ "డెలివరీ సెలవు నుంచి వచ్చాక సాహితి మనసు ఇంటి మీదే ఉంది" అంటున్నారు. ఈ సాయంత్రానికి తేలకపోతే యాప్ నా చేతిలోంచి తీసేస్తారట. మా ఆయన ఉదయభాస్కర్ అయితే "ఒక సారీ చెప్పేయరాదూ, పోయేదేముంది" అన్నాడు. చెప్పేద్దామనే అనుకున్నాను.

అంతలో ఎయిర్‌పోర్టు దగ్గరి సాతంరాయి నుంచి, మా యాప్‌లో బండ్లు బుక్ చేసే ట్రాన్స్‌పోర్ట్ వీరేందర్ ఫోన్ చేశాడు. "అక్కా, మళ్ల రెండు బండ్లొచ్చినయి. నేనైతే ఒక్కసారే నొక్కిన. డ్రైవర్లు పరేషాన్ అయితున్నరు, జర చూడు." అతని మాట వెంటనే నమ్మాను. మరి నా పనిని నేనెందుకు నమ్మలేదు? నా మీద నాకే ఒళ్ళు మండింది.

"అరగంట చూడండి" అని పాపను అత్తగారికిచ్చి తలుపు వేసుకున్నాను. మా ఇంటి వైఫైలో ఫోన్ నుంచి బయటికి పోయే ప్రతి రిక్వెస్టూ నా ల్యాప్‌టాప్ మీదుగా వెళ్ళేలా కలిపాను. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడటం లాంటిదే ఈ పని. టెస్టింగ్ సర్వర్‌కు ఇరవై బుకింగులు పంపాను. ల్యాప్‌టాప్‌లో ఇరవై వరుసలే కనిపించాయి. సర్వర్‌కు చేరినవి మాత్రం ఇరవై ఆరు. జవాబు ఆలస్యమైన ఆరుసార్లూ, ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య రిక్వెస్టులు అందించే గేట్‌వే అదే రిక్వెస్టును ఇంకోసారి పంపేసింది. ఆ గేట్‌వే రాసింది వరప్రసాద్ గారు.

తప్పు నాది కాదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎన్నాళ్ళకో ఆకలి కూడా వేసింది.

ల్యాప్‌టాప్‌లో పట్టిందంతా, సర్వర్ లెక్కతో సహా జతచేసి టీమంతటికీ మెయిల్ పెట్టాను. ఐదు నిమిషాల్లో వరప్రసాద్ గారి ఫోన్.

"ఇంత చిన్నదానికి అందరికీ ఎందుకమ్మా? నా ఒక్కడికి చెబితే సర్దుకునేవాళ్ళం కదా."

"పదకొండు రోజులూ మీరు నన్ను అందరి ముందే అన్నారు కదండీ," అన్నాను. "అందుకే అందరికీ పంపాను."