కుర్చీ వద్దు

బరువు మిషన్ ఎక్కేముందు ఆడవాళ్లందరూ గాజులు తీసి దుర్గాశ్రీ ఒళ్లో పడేసేవారు. మండపేటలో ఒక నర్సింగ్‌హోమ్ వాళ్లు ఒళ్లు తగ్గించుకునే క్లాసు పెట్టినప్పటినుంచీ ప్రతి శనివారం ఇదే తంతు. పుస్తెలతాడు మాత్రం ఎవరూ తీయరు. "ఈ తాడు బరువు తీసేసి రాసుకోండి డాక్టర్‌గారూ" అని మిల్లువాళ్ల వెంకటదుర్గ వారం వారం అదే జోకు వేస్తుంది. వారం వారం అందరూ నవ్వుతారు.

దుర్గాశ్రీ నవ్వదు. టెన్త్ చదువుతున్న ఆ పిల్లకి నలుగురిలో నోరు పెగలదు. అమ్మ రామతులసికి తోడుగా ఊరినుంచి బస్సులో వచ్చి, బెంచీ చివర ఒదిగి కూర్చుంటుంది.

ఆ శనివారం ఆఖరి క్లాసు. ఐదు కిలోలు తగ్గినవాళ్లనే రెండో బ్యాచ్‌లో ఉంచుతామని ముందే చెప్పారు. అందుకే రామతులసి నిన్న మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు. పొద్దున మంచినీళ్లయినా తాగలేదు. "నీళ్లూ బరువేనే" అంది బస్సులో, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

నిజానికి ఆవిడ బెంగ కిలోల గురించి కాదు. కిందటి కార్తీకంలో అన్నవరంలో వ్రతానికి జంటలన్నీ నేల మీద కూర్చున్నాయి. అయిపోయాక ఆవిడ లేవలేకపోయింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. వెనకెవరో కిసుక్కుమన్నారు. ఈ ఏడాది వ్రతం ఎల్లుండే. "ఈసారి కుర్చీ వేయిద్దాంలేవే" అన్నాడు నాన్న, ప్రేమగానే. ఆ మాటకి ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. క్లాసులో నేర్పిన కాళ్ల ఎక్సర్‌సైజు వంటింట్లో రోజూ చేసింది. మొన్న బుధవారం గచ్చు మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. లేచి, కూతురి వంక చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"రెండు కిలోలే తగ్గారు" అంది డాక్టరమ్మ, మిషన్ మీదనుంచి చూపు తిప్పకుండా. "అందరూ తగ్గలేదా? మీకే శ్రద్ధ లేదమ్మా. రెండో బ్యాచ్‌కి కుదరదు."

రామతులసి తల దించుకుని మిషన్ దిగింది.

దుర్గాశ్రీ గభాల్న లేచింది. ఒళ్లో ఉన్న గాజులన్నీ గలగలమంటూ నేల మీద పడి దొర్లాయి. అందరూ ఇటు తిరిగారు.

"మా అమ్మ... కింద కూర్చుని లేస్తోందండి. ఎవరూ పట్టుకోకుండానే."

"మంచిదేనమ్మా. బరువు తగ్గాలి కదా మరి?"

"ఏదీ తులసీ, ఓసారి కూర్చో, మేమూ చూస్తాం!" అంది వెంకటదుర్గ.

అమ్మ కూతురి వైపు చూసింది. వద్దని చెప్పాలని దుర్గాశ్రీకి అప్పుడు తోచింది. కానీ ఉన్న ధైర్యమంతా ఆ ఒక్క మాటకే అయిపోయింది.

రామతులసి కూర్చుంది. కూర్చోవడం బాగానే కూర్చుంది. లేవబోతే మోకాళ్లు వణికాయి. నున్నటి టైల్స్ మీద అరచెయ్యి జారింది. మళ్లీ కూలబడింది. బుధవారం నాడు ఆవిడ కడుపులో అన్నం ఉంది.

"అయ్యో, కుర్చీ తెమ్మంటారా?" అంది నర్సు.

"కుర్చీ వద్దండి" అంది రామతులసి.

"సరే, కాసేపు అలాగే ఉండండి. తర్వాత ఎవరు?" అంది డాక్టరమ్మ.

ఆడవాళ్లు ఎవరి గాజులు వాళ్లు ఏరుకుని మిషన్ చుట్టూ మూగారు. దుర్గాశ్రీ పరుగున వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. రామతులసి కిందే కూర్చుని, తొందరపడకుండా అన్నీ తాగింది. కూతురు చెయ్యి చాపితే పక్కకి నెట్టింది. ఒక మోకాలు నిలబెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, పళ్ల బిగువున మెల్లగా పైకి లేచింది.

అప్పటికి మిషన్ మీద వెంకటదుర్గ ఉంది. "ఆరు తగ్గారు! వెరీ గుడ్!" అంటోంది డాక్టరమ్మ. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇటు ఎవరూ చూడలేదు.

ఇద్దరూ గేటు దాటి నడిచారు. బస్టాండు దగ్గర రామతులసి ఆగింది.

"ఏమే, అన్నవరంలో నేల ఇంత నున్నగా ఉండదు కదా?"

అక్కడి మండపంలో నాపరాళ్లు తళతళలాడుతూ ఉండటం దుర్గాశ్రీకి గుర్తుంది. కిందటేడు వాటి మీద తనే జారబోయింది.

"ఉండదమ్మా" అంది.