ఉయ్యాలకు నాలుగు గోతులు

పార్కులో రాలిన ఆకులు ఊడుస్తూ వస్తున్న ఎలీయేజరు, ఉసిరిచెట్టు దగ్గరికి రాగానే అలవాటుగా చీపురు నెమ్మది చేశాడు. ఆ రోజు క్రైస్తవుల సమాధుల పండుగ. సొంతూరు డుంబ్రిగుడలో అతని వాళ్లంతా ఈపాటికి సమాధులకు సున్నాలు వేస్తూ ఉంటారు. ఇతనొక్కడే పనిలోకి వచ్చాడు. కూలి కోసం పండుగ కూడా మానుకునే పిసినారి అని తోటివాళ్లు నవ్వుకున్నారు.

ఈ పార్కు ఒకప్పుడు ఫాదర్ల మఠం. ఎలీయేజరు తోటమాలి, భార్య తెరిసమ్మ వంటమనిషి. ఆవిడ జ్వరంతో పోతే ఫాదర్లు తమ సమాధుల వరసలోనే చోటిచ్చారు. మఠం మూతపడ్డాక విశాఖ షావుకారు ఒకాయన దాన్ని విడిదిల్లుగా కొన్నాడు. వరండాలో కాఫీ తాగుతుంటే సిలువలు కంటికి అడ్డొస్తున్నాయి, తీసెయ్యమన్నాడు. ఫాదర్ల ఎముకలు చర్చివాళ్లు పట్టుకెళ్లారు. తెరిసమ్మను అడిగే నాథుడు లేడు. ఎలీయేజరు తన చేత్తోనే ఆవిడ సిలువ పీకి, పైన గడ్డి పరిచాడు. కూడు పోతుందని భయం. షావుకారు పోయి, ఇల్లు పార్కై, గేటు దగ్గర టిక్కెట్లు పెట్టాక కూడా ఆ రోజు మూసిన నోరు తెరుచుకోలేదు. మనిషి పిరికితనానికీ అలవాటు పడిపోతాడు.

ఎండెక్కాక సూపర్‌వైజర్ వరహాలరావు వచ్చి, సరిగ్గా ఉసిరిచెట్టు పక్కనే సున్నంతో నాలుగు గుర్తులు గీశాడు.

"ఉయ్యాల వచ్చేసినాది. బేగి గునపం అట్టుకురా, గోతులు తియ్యాల."

"ఈడొద్దు బాబూ. నీరు నిలుస్తాది."

"కొండవాలులో నీరు నిలవడమేటి?"

ఎలీయేజరు చీపురు కింద పెట్టాడు.

"మా ఇంటిది ఈడే పడుకునుంది. సిలువ నానే పీకీసినాను. గొయ్యి మాత్రం తియ్యలేను బాబూ. కావాలంటే నన్ను పన్లోంచి తీసీ."

వరహాలరావు గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత గుర్తులు బూటుతో చెరిపేసి, గేటు వైపు వెళ్లి కొత్తగా గీశాడు.

ఎలీయేజరుకు పట్టరాని సంతోషం కలిగింది. మధ్యాహ్నం బజారుకెళ్లి కొవ్వొత్తి కొనుక్కొచ్చి, ఇన్నేళ్లకు నలుగురి కళ్లెదుటే ఆవిడకు వెలిగించాడు. చెట్టుకు చేరగిలి కళ్లు మూసుకున్నాడు. పార్కు మూసే వేళకు, తనతోపాటు ఊడ్చే కనక వచ్చింది.

"తాతా, లే. గేటేసేత్తన్నారు."

భుజం తడితే ఒళ్లు చల్లగా తగిలింది.

అతన్ని డుంబ్రిగుడలో పూడ్చారు. పార్కులో పూడ్చనివ్వరు కదా. ఉయ్యాల గేటు పక్కన బిగించారు, పిల్లలు దాన్ని వదలడం లేదు. గడ్డి కోసే మిషన్ ఉసిరిచెట్టు దాకా వచ్చి, పక్కకు తిరిగి వెళ్లింది. అక్కడ చిన్న రాయి మీద రూపాయి బిళ్లంత మైనం గట్టిపడి ఉంది.