పది అడుగులు జరిగిన హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. స్కాట్లండ్‌లో రాస్ జిల్లా నడుమ ఫెరింటోష్ అనే చిన్న సీమ ఉంది. వెనకటికో ప్రభువు తన భూములన్నీ ఒకే జిల్లా కింద ఉండాలని పట్టుబట్టాడట. అంతే, చుట్టూ రాస్ ఉన్నా ఈ ముక్క మాత్రం సముద్రపాయకు అవతలున్న నెయిర్న్ జిల్లాదైపోయింది! ఆ విడ్డూరానికి కాపలాగా నా ఒక ముఖాన నెయిర్న్‌కు 'ఎన్', రెండో ముఖాన రాస్‌కు 'ఆర్' చెక్కి పాతారు.

ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన మినహాయింపు వల్ల ఫెరింటోష్‌లో విస్కీ కాచుకుంటే సుంకం లేదు. నన్ను దాటి అవతల కాస్తే బట్టీ పగలగొడతారు.

మోరాగ్ అనే వితంతువు బతుకంతా ఆ బట్టీ మీదే. వరదకు పాక కొట్టుకుపోతే మెరక చూసి మళ్ళీ వేసుకుంది. ఆ మెరక రాస్‌లో ఉందని, పొదల్లో నేను కాలికి తగిలాకగానీ తెలియలేదు. అప్పటికే సుంకాల అధికారి క్రైటన్ పక్క ఊరిదాకా వచ్చేశాడు. హద్దురాయి జరపడం పాపమని ఆమెకు తెలియదా? తెలుసు. కడుపు ఊరుకోదుగా! అన్నను పిలిచి, నన్ను గునపాలతో పెకలించి, పది అడుగులు జరిపి పాకకు అవతల పాతించింది. ఆ తొందరలో తిరగేసి పాతారు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు మరి. ఫెరింటోష్ వైపు ఉండాల్సిన 'ఎన్' అటు పోయి, 'ఆర్' పాక వైపు తిరిగింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

మన్ను ఆరకముందే క్రైటన్ గుర్రం దిగాడు.

"ఈ రాయి ఏమంటోందో తెలుసా? నువ్వు రాస్‌లో ఉన్నావట."

మోరాగ్ మొహాన నెత్తురుచుక్క లేదు. గొంతు మాత్రం తొణకలేదు.

"ఇంట్లో ఉన్నదానికి నీ ఊరు ఫలానా అని రాసి చెప్పాలా దొరా? అది గడప దాటి పోయేవాళ్ళకు. ఇటు పోతే రాస్ వస్తుందని."

క్రైటన్ అవతలికి వెళ్ళి చూశాడు. రాస్ నుంచి వచ్చేవాడికి కనిపించేది 'ఎన్'. నా మొదలు దగ్గరి పచ్చిమన్నును బూటుతో కదిపాడు. ఆమెకేసి చూశాడు. గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళకు, 1784లో, లండన్‌లో చట్టం మారి ఫెరింటోష్ మినహాయింపు రద్దయింది. క్రైటన్ ఈసారి మనుషులతో వచ్చాడు. నన్ను కన్నెత్తి చూడలేదు. మోరాగ్ పరుగెత్తుకొచ్చి నా మీద చెయ్యి వేసింది.

"రాయి ఇక్కడే ఉంది దొరా! ఒక్కసారి చదవండి!"

"ఆ రోజే చదివానమ్మా," అన్నాడతను తలవంచుకుని. "ఇప్పుడు అటైనా ఇటైనా ఒకటే."

నూరేళ్ళు దాటాక ఫెరింటోష్‌ను రాస్‌లోనే కలిపేశారు. నేనిప్పుడు దేనికీ హద్దును కాను, గొర్రెలు ఒళ్ళు రుద్దుకునే బండను. జిల్లా పోయిందని నాకు చింత లేదు. ఆ రోజు క్రైటన్ మనుషుల గొడ్డలి బట్టీ మీద పడుతున్నంతసేపూ ఆమె చెయ్యి నా మీదే ఉంది. నేను రాయిలా నిలబడ్డాను.