ముగింపు వెయ్యని డిస్కు

పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు అన్ని రకాల డిస్కులూ పాడే ప్లేయరు కొనుక్కోవాలా వద్దా అని ఎవరైనా పొరపాటున అడిగారా, మా తమ్ముడు కుర్చీ ముందుకి లాక్కుని మొదలుపెడతాడు. అడిగినవాడు ఇంటికెళ్ళే దారి మర్చిపోవాలి. నన్నెవరూ అడగరు. అడిగితే నేను చెప్పేది ఒక్కటే. నాయనా, ఈ మధ్య ఏ పాటైనా మొదట్నించి చివరిదాకా కదలకుండా విన్నావా? విన్నానంటే కొనుక్కో. లేదంటే ఆ డబ్బుతో మంచి పరుపు కొనుక్కుని పడుకో.

నాది రైల్వే స్టేషన్లో ఎంక్వయిరీ కౌంటరు ఉద్యోగం. బోర్డు మీద ఉన్నదే అడిగేవాళ్ళకి రోజంతా చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు కాస్త ఎక్కువైంది. మా వాళ్ళందరూ ఆ మాట అంటారు, నేను కాదనను. కానీ మా తమ్ముడి విషయంలో నా నోరు ఎప్పుడూ అవసరానికి మించి లేవలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

వాడు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఆదివారం వస్తే మాత్రం మహా రసికుడు. వాడి ముందుగదిలో ఒక్కటే కుర్చీ, సరిగ్గా రెండు స్పీకర్లకి మధ్యలో. పక్కన కూర్చుంటే శబ్దం తప్పుగా వినపడుతుందట. అందుకని ఇంట్లో మిగతా మనుషులందరూ తప్పుగానే వింటారు. స్పీకరు ఒక్క వెంట్రుకవాసి జరిగినా వాడికి తెలిసిపోతుందని మా మరదలు ఆ గది ఊడ్చేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుంది. అమ్మ స్టూలు వంటింటి గుమ్మం దగ్గర.

ఆదివారం పూట వాడి స్నేహితులిద్దరు వస్తారు. ఒకాయనది మందుల షాపు, ఇంకొకాయన లెక్కల మాస్టారు. ముగ్గురూ కలిసి ఒక పాట పెడతారు. మొదట్లో ఎక్కడో తాళం టింగుమంటుంది. అబ్బ, విన్నారా, అనుకుంటారు. ఆపేస్తారు. స్పీకరు వెనకాల తీగ మారుస్తారు. మళ్ళీ మొదట్నించి పెడతారు. మళ్ళీ టింగు. ఇందాకటి టింగు మెత్తగా ఉందని ఒకరు, ఇప్పటిది గుండ్రంగా ఉందని ఇంకొకరు. ఆ పాడే ఆవిడెవరో గానీ, పాపం, మా తమ్ముడింట్లో ఇంతవరకూ పల్లవి దాటలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఇలాంటి రసికుల్ని చూసే అని ఉంటారు.

అమ్మ బతుకంతా బళ్ళో పిల్లలకి సంగీతం చెప్పింది. తర్వాత గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు. ఏదైనా కావాలంటే చప్పట్లు కొట్టి పిలుస్తుంది, చేత్తో చెబుతుంది. చెవులు మాత్రం మా అందరికంటే బాగా పనిచేస్తాయి.

ఆపరేషన్‌కి ముందు మా తమ్ముడి దగ్గర డిస్కుల మీద రికార్డు చేసే యంత్రం ఒకటుండేది. దాంట్లో అమ్మ పాడినవి ఒక డిస్కు మీద ఎక్కించాడు. వాడు పుట్టి చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే. అందులో అమ్మ సొంతంగా కట్టుకున్న పాట కూడా ఉందేమోనని నా ఆశ. మాటలూ వరసా రెండూ ఆవిడవే. బళ్ళో చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. గిన్నెలు సర్దుకుంటూ పాడుకునేది, అంతే. నేను అడిగితే, నీకెందుకే, ఇది నాది, అనేది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ డిస్కుని బట్టల అరలో అడుగున పెట్టేసింది. పెడదామా అంటే తల అడ్డంగా ఊపేది. తన గొంతు తను వినే ధైర్యం లేకపోయింది. అలాంటిది ఒకరోజు నేను వెళ్ళేసరికి డిస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి డిస్కు మీద తట్టి, చెవి చూపించింది. వింటానంటోంది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. తమ్ముణ్ణి పిలిచాను.

"ఆగమ్మా," అన్నాడు వాడు. "అన్ని రకాల డిస్కులూ పాడేది ఒకటి వస్తోంది. అందులో వింటే నువ్వే ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. అందాకా ఆగు."

అమ్మ ఆగింది. కొడుకు మాట కదా.

ప్లేయరు వచ్చిన ఆదివారం అమ్మ ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, మొట్టమొదటిసారి ఆ మధ్య కుర్చీలో కూర్చుంది. స్నేహితులిద్దరూ గోడ పక్కన నిలబడ్డారు. పెళ్ళికూతుర్ని దించినట్టు మా తమ్ముడు ఆ ప్లేయర్ని అట్టపెట్టెలోంచి దించాడు. అరచెయ్యి అంత ట్రే బయటికొచ్చింది. అమ్మ డిస్కు తనే పెట్టింది. ట్రే లోపలికెళ్ళింది. లోపల ఏదో గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. డిస్కు లేదని అక్షరాలు పడ్డాయి.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. తీగ సరిగా లేదేమో అన్నాడు మందుల షాపాయన. కరెంటు శుద్ధంగా రావట్లేదన్నాడు మాస్టారు. కరెంటుకి స్నానం చేయించాలేమో. నేను వాళ్ళని చూడట్లేదు, మా తమ్ముడి ముఖం చూస్తున్నాను. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి నేరం పిల్లి మీదికి తోసినప్పుడు సరిగ్గా అదే ముఖం.

"డిస్కే పాడైపోయినట్టుందమ్మా," అన్నాడు. "పాతది కదా."

ఆడలేక మద్దెల ఓడన్నాడట. అమ్మ డిస్కు తీసుకుని కొంగుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసింది. ఒక్క గీతా లేదు. అయినా కొడుకు మాటే నమ్మింది. కవర్లో పెట్టుకుని, కుర్చీలోంచి లేచి, వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. గొంతు ఇక రాదని డాక్టరు చెప్పిన రోజున కూడా ఆవిడ ముఖం అలా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళాను.

"ఇప్పుడు చెప్పు. డిస్కుకేమీ కాలేదు. అవునా?"

నేల చూశాడు. "ముగింపు వెయ్యలేదక్కా."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుకి అంతా అయ్యాక ఒక మీట నొక్కి ముగింపు వెయ్యాలట. అది వేస్తేనే వేరే ప్లేయర్లు చదువుతాయట. వెయ్యకపోతే రికార్డు చేసిన ఆ యంత్రం ఒక్కటే చదవగలదు. ముగింపు వేశాక ఇంకేమీ ఎక్కించడం కుదరదు.

"మరెందుకు వెయ్యలేదు?"

"మైకు అంత మంచిది కాదక్కా. ఇంకా మంచిది కొని, అమ్మ చేత మళ్ళీ శుభ్రంగా పాడించి, అప్పుడు వేద్దామని."

"కొన్నావా?"

"కొన్నాను."

"ఎప్పుడు?"

"ఆపరేషన్ అయ్యాక," అన్నాడు.

కొట్టడానికి చెయ్యెత్తి దించేశాను. బట్టతల వచ్చినవాణ్ణి ఏం కొడతాం.

"ఆ పాత యంత్రమేదిరా?"

"దీనికి బదులుగా షాపులో ఇచ్చేశాను. ఇది అన్నీ పాడుతుందన్నారు కదా."

కొత్తొక వింత, పాతొక రోత. ఆ రకం యంత్రాలు ఇప్పుడెక్కడా తయారు కావట్లేదని కూడా వాడే చెప్పాడు. లోపలికెళ్ళి అమ్మ ముందు కూర్చుని, "డిస్కు బానే ఉందమ్మా, వీడే బాలేడు," అని జరిగిందంతా చెప్పాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

మర్నాడు షాపువాణ్ణి నిలదీస్తే, లాండ్రీ నడిపే ఒకావిడ కొనుక్కుందని చెప్పాడు. అమ్మని వెంటపెట్టుకుని ముగ్గురం వెళ్ళాం. లాండ్రీలో అడుగు పెడితే ఆవిరి. ఇద్దరు మనుషులు ఇస్త్రీ చేస్తున్నారు. సబ్బుపొడి డబ్బాల మధ్య, నూలుపొట్టు పట్టి, మా యంత్రం ఏదో గంతుల పాట వాయిస్తోంది.

"దాని మీద అంత దుమ్ము పడకూడదక్కా," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్," అన్నాను.

లాండ్రీ ఆవిడ మనిషి భారీ, మాట పొట్టి. సంగతి చెబితే, "పాటే కదా, పెట్టుకోండి. దారికి అడ్డం రాకండి," అని తన పనిలో పడిపోయింది. అమ్మని ఒక బట్టల మూట మీద కూర్చోబెట్టాను. డిస్కు లోపలికెళ్ళింది. ముసలి యంత్రం, ఎంతకీ తేల్చదు. ఇది కూడా లేదంటే అమ్మని ఇంటికెలా తీసుకెళ్ళాలా అని నేను చూస్తున్నాను. చివరికి అంకెలు పడ్డాయి.

అమ్మ గొంతు వచ్చింది. ఒక్క చరణం కూడా కాలేదు, "ఆగమ్మా, ఫ్యాను," అని మా తమ్ముడి గొంతు. మళ్ళీ మొదలుపెట్టింది. "ఆగమ్మా, కొంచెం వెనక్కి జరుగు." ఇంకో పాట అందుకుంది. "ఆగమ్మా, ఆ గాజులు తీసెయ్." డిస్కు నిండా అదే వరస. ఆవిడ అందుకోవడం, వీడు తుంచడం.

లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఎవడండీ వాడు, ఆవిణ్ణి పాడనివ్వడు?" అంది.

మా తమ్ముడు సబ్బుపొడి డబ్బా మీద రాసినవన్నీ చదువుతున్నాడు.

అప్పుడు డిస్కులో వాడి గొంతే, "తీగ ఒకటి తెచ్చుకుంటానమ్మా, ఆపేసి వెళ్తున్నా," అంది. తలుపు చప్పుడు. ఆపలేదు, మొద్దువెధవ. కాసేపు ఫ్యాను తిరగడం ఒక్కటే వినపడింది. కుర్చీ జరిగింది. గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అమ్మ, ఎవరి కోసమూ కాకుండా, తన పాట తను పాడుకోవడం మొదలుపెట్టింది. గాజులు తీయలేదు. వెనక్కి జరగలేదు. అది నేను చిన్నప్పుడు వంటింటి గుమ్మంలో విన్న గొంతే. నేను ఏడ్చాను. దాచుకోవాల్సిన పనేముంది.

పాట సగంలో ఉండగా మా తమ్ముడి చెయ్యి మీటల మీదికి పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి. "అమ్మా, ఇక్కడ ఫ్యాను చప్పుడు కాస్త తగ్గిస్తే..."

అమ్మ అరచెయ్యి ఎత్తింది. బళ్ళో పిల్లల్ని ఆపడానికి ఎత్తే చెయ్యి అది. దానికి గొంతు అక్కర్లేదు. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మ పెదాలు ప్రతి మాటకీ కదులుతున్నాయి. పాట చివరిదాకా నడిచింది, అయిపోయింది.

ఇక ముగింపు వెయ్యాలి. "యంత్రం పాతదమ్మా," అన్నాడు తమ్ముడు. "మధ్యలో కరెంటు పోయినా, ఇది మొరాయించినా, మొత్తం పోతుంది. వెయ్యనా?" ఆ పూట వాడి గొంతులో రసికత్వం మచ్చుకైనా లేదు. అమ్మ తలూపింది. ఫ్యూజు పోతుందేమోనని లాండ్రీ ఆవిడ ఇస్త్రీపెట్టెలన్నీ తీయించేసింది. వాడి వేలు మీట మీదే ఆగిపోతే అమ్మ తన వేలు దాని మీద పెట్టి నొక్కింది. అంకెలు తగ్గుతూ వచ్చాయి. ట్రే తెరుచుకుంది. "అయిందా? ఇక పని చేసుకోనిస్తారా?" అంది లాండ్రీ ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

తర్వాతి ఆదివారం స్నేహితులిద్దరూ వచ్చారు. అమ్మ మధ్య కుర్చీలో కూర్చుంది. ఈసారి ప్లేయరు డిస్కుని మారుమాట లేకుండా చదివింది. నేరుగా ఆఖరి పాటకి వెళ్ళడానికి మా తమ్ముడు రిమోటు కోసం వెతుక్కుంటున్నాడు. అది అమ్మ ఒళ్ళో ఉంది. ఇవ్వలేదు. "ఆగమ్మా, ఫ్యాను" నుంచి మొత్తం అందరం విన్నాం. మాస్టారు దగ్గాడు. మందుల షాపాయన కిటికీలోంచి బయటికి చూశాడు. మా తమ్ముడు చెవులు కందిపోయి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వంటింట్లోంచి మా మరదలు నవ్వు వినపడింది.

అమ్మ పాట వచ్చింది.

మొదటి చరణం అయిందో లేదో మందుల షాపాయనకి నోరు ఊరుకోలేదు. "ఇంతకీ మీరేమంటారు, నేను కూడా ఈ ప్లేయరు తీసుకోమంటారా?" అన్నాడు.

ఇంక మొదలవుతుంది అనుకున్నాను. ఆ ప్రశ్న కోసం మా తమ్ముడు ఎన్నాళ్ళుగా కాసుక్కూర్చున్నాడో నాకు తెలుసు. వాడు కుర్చీ లాక్కోలేదు. అటు తిరగను కూడా లేదు. అమ్మ వైపే చూస్తూ, అచ్చం అమ్మలాగే, అరచెయ్యి ఎత్తాడు.

పాట అయిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు, వెధవ.