పలకల మీద పసుపు

పదకొండు గంటలకు ఫ్రిజ్‌లోని థర్మామీటరు ఏడు డిగ్రీలు చూపిస్తోంది. ఎనిమిది దాటి కాసేపుంటే లోపలున్న తట్టు టీకామందు మొత్తం పారబోయాల్సిందే. నర్సు సారమ్మ ఫ్రిజ్ తలుపు గబుక్కున మూసేసింది.

బల్మూర్ అవతల ఆ ఊళ్లో స్తంభాలున్నాయి, తీగలున్నాయి, కరెంటు మాత్రం చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. అందుకే ఆరోగ్య ఉపకేంద్రం మిద్దె మీద రెండు సోలారు పలకలు బిగించారు. వాటి మీద ఎండ పడితే కరెంటు పుట్టి బ్యాటరీలోకి చేరుతుంది, బ్యాటరీ ఫ్రిజ్‌ను నడుపుతుంది. రెండేళ్లలో ఒక్క రోజూ మొరాయించలేదు. సారమ్మ దసరాకు రెండు రోజులు వనపర్తిలోని పుట్టింటికి పోయి వచ్చేసరికి, బ్యాటరీ పక్కనున్న పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

గుట్ట అవతలి తండాలో తట్టు సోకి అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు. రేపు పొద్దున నలభై మంది తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని ఇక్కడికే వస్తారు. నాగర్‌కర్నూల్ నుంచి కొత్త మందు రావాలంటే వారం పడుతుంది. ఉన్న మందును ఐసు డబ్బాలోకి మార్చుదామంటే ఐసు గడ్డలు కూడా అదే ఫ్రిజ్‌లో కరిగి నీళ్లయ్యాయి.

వైర్లు లాగి చూసింది, గట్టిగానే ఉన్నాయి. బయట ఎండ మాడు పగిలేట్టు కాస్తోంది. ఇంత ఎండ పెట్టుకుని ఎర్ర లైటేమిటని ఆమెకు ఒళ్లు మండింది. కుచ్చిళ్లు ఎగదోపి నిచ్చెనెక్కింది.

రెండు పలకలకూ కింది అంచు పొడవునా, గడపకు పూసినట్టు జానెడు వెడల్పున పసుపు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పలకలోని నీలి గళ్లన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, కరెంటు అన్నిటి గుండా సాగి రావాలి. కాలువకు ఒకచోట మట్టి అడ్డం వేస్తే మడి ఎండినట్టు, కింది వరస కప్పేస్తే పైన ఎంత ఎండ కాసినా దండగే. బిగించిన మెకానిక్కు ఈ సంగతి పదిసార్లు చెప్పిపోయాడు.

పూసిందెవరో అడగనక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఆ పలకలు తుడిచేది ఉపకేంద్రంలో ఆయాగా చేసే ఈదమ్మే. పండుగ నాడు ఊరంతా నాగళ్లకూ బండ్లకూ మోటార్లకూ పూజ చేస్తే, ఆమె వీటికి చేసింది.

సారమ్మ గుడ్డ తడిపి చేయి చాపింది.

“ముట్టకు సిస్టరమ్మా,” నిచ్చెనెక్కి వస్తూ ఈదమ్మ అంది. “మొక్కి పెట్టిన బొట్టు తుడువొద్దు.”

సారమ్మ చేయి ఆగిపోయింది. పక్క మిద్దెల మీద మక్కలు ఆరబోస్తున్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. తానేమో చర్చికి పోయే మనిషి. పండుగ బొట్టు తాను తుడిచిందని సాయంత్రానికి ఊరంతా పాకితే రేపు ఒక్క తల్లీ ఇటు తొంగిచూడదు.

కోపం దిగమింగి సంగతంతా విడమరిచి చెప్పింది. ఈదమ్మకు అర్థమైంది కానీ తుడవడానికి చేయి రాలేదు. భర్త పోయిన పదోనాడు నలుగురు ఆడవాళ్లు తన చేతులు అదిమిపట్టి బొట్టు తుడిచేశారట. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ పసుపు గిన్నె ఆమె చేతికివ్వలేదు. మొన్న తెల్లవారకముందే, ఎవరూ చూడకుండా, ముప్పై ఏళ్లకు మొదటిసారి తన చేత్తో పసుపు పూసి బొట్లు పెట్టింది.

సారమ్మ చేతిలోని గుడ్డ కింద పెట్టింది. అయినా చెప్పక తప్పలేదు.

“అవ్వా, నేను తుడిస్తే రేపు ఎవ్వరు రారు. నువ్వు తుడువకుంటే వచ్చిన పిల్లలకు ఇయ్యనీకి మందుండదు. ఇంకేం చెయ్యాల్నో నాకు తెల్వదు.”

ఈదమ్మ వేలి కొసతో ఒక్కో బొట్టునూ తాకుతూ పోయింది. కింద మందు నిమిష నిమిషానికీ వేడెక్కుతోందని సారమ్మ ప్రాణం కొట్టుకులాడింది. చివరికి ఈదమ్మ పలకల ముందు గొంతుకూర్చుని చేతులు జోడించింది.

“నన్ను ఎవ్వరు అడుగలే, పట్టి తుడిచిండ్రు,” అంది. “నిన్ను అడిగి తుడుస్తున్న తల్లీ. ఏమనుకోకు.”

తడిగుడ్డ అక్కర్లేదంది. తన కొంగే తడుపుకుని, నిద్రపోయే పిల్ల ముఖం తుడిచినట్టు ఒక్కొక్క బొట్టూ, దాని కింది పసుపూ తుడిచింది.

సారమ్మ పరుగున కిందికి దిగింది. కాసేపటికి ఎర్ర లైటు ఆరి పచ్చది వెలిగింది, ఫ్రిజ్ గుర్రుమంది. థర్మామీటరు ఏడున్నర దగ్గర ఆగింది. గంట గడిచాక ఏడుకు దిగింది. సారమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మందు నిలిచిందని చెప్పడానికి మళ్లీ మిద్దెక్కింది. ఈదమ్మ ఇంకా అక్కడే ఉంది. పసుపంటిన కొంగును పిండకుండా, ఆరబెట్టకుండా, గుండెకు అదుముకుని ఎండలో కూర్చుంది. సారమ్మ ఆమె పక్కనే కూర్చుంది.