మోకాల్లోతు కెప్టెన్

టైల్స్ షోరూములో మేనేజరుగా చేసే ఆయనకు కింది ఉద్యోగులు చాటుగా పెట్టుకున్న పేరు ప్లాను మాస్టారు. ఇంట్లో అలమరకు ఊడిన తలుపు బిగించడానికి నెలల తరబడి ప్లాను వేసి, చివరికి అలమరనే అమ్మేసిన మనిషి. అలాంటివాడు ఒకరోజు సరస్సు మ్యాపు తెచ్చి భోజనాల బల్ల పక్కన గోడకు అంటించాడు.

"తెరచాప పడవ నేర్చుకుంటున్నాం. ముందు ఈ దీవి, తరవాత అవతలి ఒడ్డు, ఆపైన పడవలోనే మకాం" అన్నాడు భార్యతో.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనుకుంది ఆమె.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా వస్తే అద్దం ఫ్రేములో కూర్చోదు. రోజంతా అలాంటి పని చేసి ఇల్లు చేరేసరికి, ఎర్ర పెన్సిలుతో నీళ్ళ మీద గీతలు గీస్తూ మొగుడు కనిపించేవాడు.

ఆదివారాలు పాఠాలు. చుక్కాని ఎప్పుడూ ఆయన చేతిలోనే. తాళ్ళు లాగడం, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడడం ఆమె వంతు. పడవ గిరగిరా తిరిగి బయల్దేరిన చోటికే వస్తే తప్పు గాలిది. ఆడలేక మద్దెల ఓడు. ఆయన జలుబు చేసి రాని ఒక ఆదివారం శిక్షకుడు చుక్కాని ఆమె చేతికిచ్చాడు. పడవ చెప్పిన మాట విన్నది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎత్తలేదు. చెబితే దానికీ ఆయన ఒక ప్లాను వేస్తాడు.

నాలుగు పాఠాలైనా పూర్తిగా ఒంటబట్టకముందే ఆయన షోరూము యజమానిని షికారుకు పిలిచాడు. "ముగ్గురైతే బరువెక్కువ, నువ్వు ఒడ్డునే ఉండు" అన్నాడు భార్యతో. ఆమె రేవు చెక్కల మీద కూర్చుని చూసింది. పడవ కాస్త దూరం పోయి, వంకర తిరిగి, రెల్లు పక్కన బురదలో దిగబడింది.

"ఏంటయ్యా, ఆగింది?" అన్నాడు యజమాని.

"అడుగున సుడి ఉందండీ. కదలకండి, సాయం పిలుస్తాను" అని ఆయన లేచి చేతులూపసాగాడు.

యజమాని చెయ్యి నీళ్ళలో పెట్టి చూశాడు. వేళ్ళకు బురద తగిలింది. బూట్లు విప్పి చంకన పెట్టుకుని, ప్యాంటు మడిచి, నడుచుకుంటూ ఒడ్డుకొచ్చేశాడు.

"మీ ఆయన ఓడ మునిగిపోతోందమ్మా, చూసుకో" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

సిగ్గు ఆమెకే వేసింది, అదీ కాసేపే. నీళ్ళలో నడిచి వెళ్ళి పడవెక్కింది.

"దిగండి" అంది.

"కెప్టెన్ పడవ దిగకూడదు."

"కెప్టెన్ సంగతి తరవాత, ముందు బరువు దిగాలి. దిగి తొయ్యండి."

ఆయన గొణుగుతూ దిగి తోశాడు. పడవ బురద వదిలింది, తెరచాపలో గాలి నిండింది. "ఆగు, నేనెక్కాలి" అని వెనక నుంచి కేక. పడవను గాలికి ఎదురు తిప్పితే ఆగుతుంది. అది ఆమెకు తెలుసు. తిప్పలేదు.

దీవి చేరింది. అన్నేసి గీతలు గీసిన దీవిలో ఉన్నవల్లా పక్షుల రెట్టలు, ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ దులుపుకుని కూర్చుంది. ఇంత హాయిగా ఈమధ్య ఎప్పుడు కూర్చుందో గుర్తు రాలేదు.

ఎండ వాలాక తిరిగొచ్చేసరికి ఆయన మోకాళ్ళ దాకా బురదతో రేవు మీద నిలబడి శిక్షకుడికి చెబుతున్నాడు: "నేనే పంపాను. ఒంటరిగా వెళితేగాని ధైర్యం రాదు."

"అవునండీ, ఈయనే తోశారు" అంది ఆమె, పడవను రేవు గుంజకు కడుతూ.

శిక్షకుడు నవ్వును దగ్గులోకి మళ్ళించుకున్నాడు. ఆయన మాత్రం అది మెప్పనుకుని తల పంకించాడు.